తెరలో తప్పిపోయిన ఇరవై

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. కార్ఖానాలో అందరికీ ఆమె కొలతమ్మ. కిటికీని ఒక్కసారి తేరిపార చూసి వెడల్పు ఎంతో చెప్పేసేది. ఆ తర్వాత టేపు పెట్టి చూస్తే రెండు వేళ్ళ తేడా కూడా ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అతని చెయ్యి మెల్లగా చాపి, భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి, అతను లేచేసరికి చొక్కా చేతులు కత్తిరించి పెట్టిందట. అతను లేచి, "నన్ను అడగొచ్చుగా?" అంటే, "మెలకువగా ఉంటే కదులుతారు" అందట.

ఆమెకు నవ్వు ఎక్కువ. తుమ్ములాగా వచ్చేసేది, ఆపుకోవడం తెలియదు. నలుగురూ గంభీరంగా కూర్చున్నచోట ఆమెను కూర్చోబెట్టడానికి అందరూ భయపడేవాళ్ళు.

కార్ఖానా అంటే మూడు గదులు. మొదటి గదిలో బట్టల తానులు గోడకు ఆనించి నిలబెట్టి ఉండేవి. రెండో గదిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా కత్తిరింపుల బల్ల. మూడో గదిలో ఆరు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ బల్లకూ గోడకూ మధ్య ఇరుకులో ఒక పాత కంప్యూటరు, దాని పక్కన గరగరమని చప్పుడు చేసే ప్రింటరు. ఇళ్ళ కిటికీలకూ, క్లినిక్కుల్లో మంచాల మధ్యకూ, బడి గదులకూ అక్కడ తెరలు కుట్టేవాళ్ళు. యజమానురాలిని అందరూ పెద్దావిడ అనేవారు.

పదిహేడో ఏట తెరలకు కొక్కేలు కుట్టడానికి వచ్చిన కొలతమ్మ ఆ కంప్యూటరు దగ్గరికి ఎలా చేరిందో చెప్పాలి. పెద్దావిడ చుట్టమొకాయన తన ఆఫీసు ఎత్తేస్తూ దాన్ని ఇచ్చివేశాడు. దానితోపాటు ఇటుకంత మందంగా ఒక పుస్తకం కూడా ఇచ్చాడు. కంప్యూటరు మీద దుమ్ము పేరుకుంది. పుస్తకాన్ని ఎవరో ఊగుతున్న కుట్టుమిషను కాలి కింద పెట్టారు. ఒకరోజు మిషను బాగుచేసినప్పుడు పుస్తకం బయటపడింది. కొలతమ్మ భోజనాల వేళ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక ఏడాదంతా చదివింది. రెండో ఏడు అర్థం కావడం మొదలైంది. మూడో ఏడు ఆ పాత భాషలో తనే ఒక ప్రోగ్రాం రాసింది. ఆర్డరు వచ్చినప్పుడల్లా అందులో కొలతను ఒక వరుసగా చేర్చి నడిపిస్తే ప్రింటరు నుంచి చీటీ వచ్చేది. వెడల్పు ఎంత, ఎన్ని ముక్కలు కలిపి కుట్టాలి, కొక్కేలెన్ని, అన్నీ అందులోనే ఉండేవి.

ఆ చీటీ చూసి బట్ట కత్తిరించేది ఆమె అక్క మొగుడు. అందరికంటే ముందు నుంచీ అక్కడ ఉన్నవాడు. కత్తెర పట్టుకుంటే గీత గీసినట్టు కోసేవాడు. అయితే ఆయనకు సొంత ఊహలెక్కువ. ఒకసారి ఒక క్లినిక్కుకు రెండూ పాయింట్ అరవై ఆరు అని చీటీ వస్తే, "ఇది మరీ ఇరుగ్గా ఉంటుంది, రోగికి గాలాడొద్దూ" అని మూడు మీటర్లు కోశాడు. ఆ తెర పైన జరిగే పట్టాలో ఇమడక గుట్టగా పోగయి, నర్సులు దాన్ని తాడుతో కట్టేసుకోవలసి వచ్చింది. ఆ కబురు విని కొలతమ్మ అందరి ముందూ ఆయనను కడిగిపారేసింది.

"చీటీలో ఏముంటే అది కొయ్యి బావా! నీ ఊహలు నీ దగ్గరే అట్టిపెట్టుకో!"

బావకు రోషం వచ్చింది. "సరే మరదలా. ఇకమీదట చీటీ నన్ను దూకమంటే దూకుతా" అన్నాడు.

ఇది జరిగిన రెండు వారాలకు నాటకశాల నుంచి ఆర్డరు వచ్చింది.

కొలతమ్మ మొగుడు ఆ నాటకశాలలోనే దీపాల మేస్త్రీ. భవనాన్ని బాగుచేయిస్తూ, చిరుగులు పడిన పాత తెర తీసేసి కొత్తది వేయించాలనుకున్నారు. వేదిక వెడల్పు మొగుడే దగ్గరుండి కొలిపించి కాగితం మీద రాసుకొచ్చాడు. మడతలతో సహా ఇరవై అయిదు మీటర్లూ, ఆపైన ఒక మీటరులో మూడో వంతు. ఎత్తు ఎనిమిది మీటర్లు. అంత తెర కార్ఖానా చరిత్రలో లేదు. అప్పటిదాకా వాళ్ళు కుట్టినవాటిలో పెద్దది తొమ్మిది మీటర్లు కూడా దాటలేదు. పెద్దావిడ ఉబ్బితబ్బిబ్బయి ఎర్రటి మఖమలు తానులు తెప్పించింది. మొదటి గదిలో నడవడానికి దారి లేకుండా పోయింది.

కొలతమ్మ ప్రోగ్రాంలో కొత్త వరుస రాసింది. ఇరవై అయిదు, పక్కన కూడిక గుర్తు, ఆ పక్కన ఒకటి బై మూడు. అదే సమయంలో కుట్టుమిషను మీదున్న ఒకావిడ, వాళ్ళాయన అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తూ అద్దానికే నమస్కారం పెట్టిన సంగతి చెబుతోంది. కొలతమ్మ నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ ప్రింటరు నుంచి చీటీ చింపి, చూడకుండానే బావ చేతికిచ్చింది.

బావ చూశాడు. వెడల్పు 5.33, ఎత్తు 8, ముక్కలు 4. తానులవంక చూశాడు. మళ్ళీ చీటీవంక చూశాడు. నోరు తెరిచాడు. మరదలు రెండు వారాల కిందట అన్నమాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. కత్తెర తీసుకున్నాడు.

నాలుగు ముక్కలూ సాయంత్రానికల్లా కుట్టడం అయిపోయింది. "ఇంత పెద్ద ఆర్డరు ఒక్క పూటలో తేల్చేశామే!" అని కుట్టేవాళ్ళందరూ మురిసిపోయారు. మడతపెట్టి, గుడ్డలో చుట్టి పంపించేశారు.

శుక్రవారం పొద్దున పదిగంటలకు ఫోను మోగింది. మొగుడు.

"ఏమే, తెర వచ్చింది."

"కట్టారా? ఎలా ఉంది?"

"రంగు బాగుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. కుట్టు కూడా బ్రహ్మాండం."

"మరి గొంతు అలా ఉందేమిటండీ?"

"ఏం లేదు. దానికి రెండువైపులా వేదిక కనిపిస్తోంది."

కొలతమ్మకు అర్థం కాలేదు. ఈలోపు ఫోను నాటకశాల మేనేజరు అందుకున్నాడు. "అమ్మా! మా రాజు వేషగాడు కాస్త లావుమనిషి. ఆయన ఒక్కడూ ఎలాగోలా దీని వెనక దాక్కుంటాడు. మిగతా పదకొండుమంది ఎక్కడ నిలబడాలో మీరే చెప్పండి. ఆదివారం మూడింటికి నాటకం!"

నవ్వకూడని సమయమని తెలిసినా కొలతమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. ఫోను పెట్టేసింది. రెండో గదిలోకి పరుగెత్తింది.

"బావా! నాటకశాల తెర ఎంత కోశావు?"

బావ ఈ ప్రశ్నకోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి బల్లమీద పరిచాడు. "ఎంతుంటే అంత."

"ఐదు మీటర్లా? నాటకశాలకు ఐదు మీటర్లేమిటని నీకు అనిపించలేదూ?"

"అనిపించింది. నా ఊహని నా దగ్గరే అట్టిపెట్టుకున్నా."

ఆమె చీటీ తీసుకుంది. కంప్యూటరు దగ్గరకెళ్ళి వరుస చూసింది. ఇరవై అయిదు కూడిక ఒకటి బై మూడు. అక్షరం తేడా లేదు. మళ్ళీ నడిపించింది. ఐదూ పాయింట్ మూడు మూడు. కంప్యూటరు ఆపి, పదిదాకా లెక్కపెట్టి, మళ్ళీ పెట్టి నడిపించింది. అదే ఐదు.

"ఇరవై ఏదీ?" అని పైకే అడిగింది.

చీటీలో చుక్క తర్వాత రెండు అంకెలే పడేటట్టు తనే అమర్చింది. ఆ కత్తిరింపు లేకుండా, లోపల ఏముందో అంతా యథాతథంగా అచ్చు వెయ్యమంది. ప్రింటరు గరగరలాడింది.

5.33333333333333

వేలు పెట్టి లెక్కపెట్టింది. చుక్కకు ముందు ఒకటి, తర్వాత పద్నాలుగు. మొత్తం పదిహేను. తర్వాత మూడుకు మూడో వంతు కలిపి చూసింది. మూడూ పాయింట్ మూడు మూళ్ళు, బాగానే వచ్చింది. తొమ్మిదికి కలిపింది. అదీ బాగానే వచ్చింది. పదికి కలిపింది.

0.33333333333333

కొలతమ్మ కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మిషన్లు ఆగిపోయాయి. కుట్టేవాళ్ళు చుట్టూ మూగారు.

"పది మింగేసింది! పది మీటర్ల తెర అడిగితే చేతిరుమాలు ఇస్తోంది!"

"నలభై వెయ్యండి చూద్దాం" అంది ఒకావిడ. నలభై కూడా చేతిరుమాలే.

"ముప్పై ఏడు!" అంది ఇంకొకావిడ. ఏడూ పాయింట్ మూడు మూడు.

"తొంభై తొమ్మిది!" అన్నాడు వెనకనుంచి బావ, రోషం మరిచిపోయి. తొమ్మిది వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం పొడుగ్గా నేలమీదికి జారుతోంది. ఒకరు తమ వయసు వెయ్యమన్నారు. యాభై రెండేళ్ళావిడకు రెండేళ్ళూ నాలుగు నెలలని తేలింది. ఆవిడ ఆ కాగితం ముక్క చింపి జాకెట్టులో దోపుకుంది.

"ఏమిటీ సందడి?" అంటూ పెద్దావిడ వచ్చింది. నాటకశాల నుంచి ఆమెకూ ఫోను వెళ్ళింది కాబోలు, ముఖం కందగడ్డలా ఉంది. అందరూ సర్దుకుని ఎవరి మిషను దగ్గరికి వాళ్ళు పోయారు. కొలతమ్మ మాత్రం ఇటుకంత పుస్తకం తీసి పేజీలు తిప్పుతోంది. ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలో ఆమె దాటవేసిన అధ్యాయం ఒక్కటే. లెక్క మధ్యలో పుట్టే జవాబులకు ఎంత చోటివ్వాలన్నది దాని విషయం. పేజీలనిండా అక్షరాలతో సూత్రాలుండటంతో, తెరలకు ఇదెందుకులే అని వదిలేసింది.

అరగంట చదివింది. మధ్యలో ఒకసారి నాలుక కరుచుకుంది. ఒకసారి తల కొట్టుకుంది. ఆ తర్వాత లేచి నిలబడింది.

"అర్థమైందండీ! మనం రాసినదాన్ని కంప్యూటరు మాటల్లోకి మార్చేది ఒకటుంటుంది. కంపైలరంటారు. అది లెక్క చెయ్యకముందే, ఏ జవాబుకు ఎన్ని గళ్ళు కావాలో నిర్ణయించేస్తుంది. దాని దగ్గరున్నవి పదిహేను గళ్ళు. అంతకుమించి లేవు."

"పదిహేను చాలవుటే?" అంది పెద్దావిడ.

"చాలాలి. కానీ ఒకటిని మూడుతో భాగిస్తే జవాబు ఎక్కడ ఆగుతుందో దానికి తెలీదు కదా. అందుకని మొత్తం పదిహేనూ దానికే ఇచ్చేస్తుంది. మనం రాసిన ఒకటిలో ఒక్క అంకే ఉంది. అందుకని చుక్కకు ముందు ఒక్క గడి, తర్వాత పద్నాలుగు. ఇక దానికి ఇరవై అయిదు కలపాలి. చుక్క తర్వాతున్న పద్నాలుగు గళ్ళనీ అది కదపనంటుంది. ముందున్నది ఒక్కటే. ఐదు వెళ్ళి అందులో కూచుంది. రెండుకు చోటు లేదు. పోయింది."

బావ నోరు వెళ్ళబెట్టాడు. "తోకలో ఉన్న ఆ మూళ్ళు ఎంతుంటాయి? వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండవుగా? వాటిని కాపాడటానికి ఇరవై మీటర్లు పారేసిందా?"

"పారేసింది బావా!"

"నేను నయం కదే! నేను ఎక్కువ కోశానే గానీ ఇలా మింగలేదు!"

పెద్దావిడకు కూడా నవ్వు వచ్చినంత పనయింది. అయినా బింకంగా, "చోటు చాలకపోతే చాలలేదని చెప్పొద్దూ? నోట్లో నాలుక లేదా దానికి?" అంది.

కొలతమ్మ ముఖం ఎర్రబడింది. అందరివైపూ తిరిగి చెప్పింది. "చెబుతుందండీ. దాని నోరు నేనే నొక్కాను. నా ప్రోగ్రాంలో అన్నిటికంటే పైన ఒక వరుస ఉంది. పుస్తకంలో మొదటి ఉదాహరణలో ఉంటే, ప్రతి ప్రోగ్రాం ఇలాగే మొదలవ్వాలేమో అనుకుని దించేశాను. గళ్ళు చాలకపోయినా చెప్పకు, నీ పని నువ్వు కానిచ్చెయ్ అని దానర్థం. పదిహేనేళ్ళుగా అదే చెబుతున్నా దానికి." బావవైపు చూసింది. "నీకూ అదే చెప్పాను బావా. అందరి ముందూ అన్నాను, అందరి ముందే అంటున్నా. తప్పు నాది. చీటీ తేడాగా కనిపిస్తే అడుగు."

బావ గొంతు సవరించుకున్నాడు. ఏదో పెద్దరికంగా అనబోయి, "సరేలే, ఏడిపించకు. ముందు ఆ ఇరవైని పట్టుకురా" అన్నాడు.

ఆమె ఆ వరుసను చెరిపేసి మళ్ళీ కూర్చుంది. చుక్క తర్వాత ఒక్క గడి తగ్గించి, ముందుకు ఒక్క గడి తెస్తే చాలు. ఎలా? పుస్తకంలో సూత్రం చూసింది. చుక్కకు ముందు ఎన్ని గళ్ళన్నది, భిన్నంలో పైన రాసిన అంకె ఎంతన్నదాన్ని బట్టి కాదు, దాన్ని ఎన్ని అంకెలతో రాశామన్నదాన్ని బట్టి. ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ఆమె భుజాలు ఊగడం మొదలైంది. నవ్వు వస్తోందని అందరికీ తెలిసిపోయింది.

"ఏమిటే?" అన్నాడు బావ.

ఆమె ఒకటికి ముందు ఒక సున్నా చేర్చింది. సున్నా ఒకటి బై మూడు.

"సున్నా ఒకటన్నా ఒకటేగా?"

"మనకి ఒకటే బావా. దానికి రెండంకెలు!"

ప్రింటరు గరగరలాడింది. ఈసారి అందరూ కాగితం మీదికి వంగారు.

25.3333333333333

కొలతమ్మ కేక పెట్టింది. ఆ కేకకు ఇస్త్రీ చేస్తున్నావిడ పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. కొలతమ్మ బావ రెండు చేతులూ పట్టుకుని, తానుల మధ్య ఉన్న జానెడు చోటులో గిరగిరా తిప్పింది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. "వదలవే, పడతానే!" అని అరుస్తూనే తిరిగాడు. చూస్తూ చూస్తూ పెద్దావిడ కుర్చీలో కూలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం చాలామందికి అదే మొదలు.

"సున్నా! ఏమీ లేని సున్నా!" అని కొలతమ్మ అందరికీ పేరుపేరునా చెప్పింది. వినడానికి ఎవరూ మిగలకపోతే ఇస్త్రీపెట్టెకు కూడా చెప్పింది.

ఆ తర్వాత అసలు చిక్కు గుర్తొచ్చింది. ఆదివారం నాటకం. మఖమలు ఎంతుందో చూడమంది పెద్దావిడ. బావ మొదటి గదిలోకెళ్ళి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "తెప్పించింది పెద్ద తెరకేగా? అంతా అలాగే ఉంది. ఇంతెందుకు మిగిలిందా అని నిన్ననే అనుకున్నా."

"అడగలేదే?"

"అప్పటికి అడగకూడదుగా!"

కొత్త చీటీ వచ్చింది. ఒక్కో ముక్కా మీటరూ మూడో వంతు వెడల్పు. మొత్తం పంతొమ్మిది ముక్కలు. బావ సుద్దముక్కతో బల్లమీద లెక్కవేశాడు. వెళ్ళిన తెరలో ఉన్నవి అలాంటి ముక్కలే నాలుగు. అంటే అదేమీ చెడిపోలేదు. అంచు కుట్టు విప్పి, దాని పక్కనే మిగతా పదిహేనూ కలుపుకుంటూ పోతే సరి. ఒక్క జానెడు బట్ట కూడా వృథా కాలేదు.

నాటకశాల బండిలో పొట్టితెర వెనక్కి వచ్చింది. ఆ మధ్యాహ్నమూ, శనివారం పగలంతా ఆరు మిషన్లూ ఆగలేదు. మఖమలు బరువుకు మిషన్లమీద బట్ట నిలవడంలేదని, ఒకరు కుడుతుంటే ముగ్గురు భుజాలమీద మోశారు. ఎర్రటి నూగు అందరి జుట్టులోనూ, టీ గ్లాసుల్లోనూ. బావ ప్రతి ముక్కకూ కొలతమ్మ దగ్గరికొచ్చి, "ఇది నిజమేనా? ఎనిమిదేనా? చూసే చెబుతున్నావా?" అని అడిగాడు. పదిహేను ముక్కలకు పదిహేనుసార్లు అడిగాడు. ఆమె పదిహేనుసార్లూ టేపు పెట్టి చూపించింది. పదహారోసారి వచ్చినప్పుడు, "ఇంక ముక్కల్లేవు బావా" అంటే, "ఊరికే, అలవాటు పోకుండా" అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా ఇరవైమంది మోసుకెళ్ళి తెర కట్టారు. నిచ్చెనమీద మొగుడు, కింద కొలతమ్మ. ఈ కొస గోడకు తగిలింది. "ఆ కొస?" అని ఆమె అరిచింది. వేదిక రెండో చివర నుంచి బావ గొంతు వినిపించింది. "తగిలింది! నాలుగు వేళ్ళు మడత కూడా ఉంది!"

మొగుడు నిచ్చెన దిగి వచ్చి తెరను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు నాటకం కనబడటంలేదు" అన్నాడు సంతృప్తిగా.

మూడింటికి హాలు నిండిపోయింది. కార్ఖానావాళ్ళందరికీ మేనేజరు మూడో వరుసలో కుర్చీలు వేయించాడు. దీపాలారాయి. ఒక్క దీపం మాత్రం ఆ ఎర్రటి మఖమలుమీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరుగుతూ వెళ్ళింది. అది నాటకంలో లేదు. దీపాల మేస్త్రీ సొంత తెలివి. జనం ఎందుకో ఏమో చప్పట్లు మొదలుపెట్టారు. బావ లేచి నిలబడి నమస్కారం పెట్టబోతే పెద్దావిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

తెర లేచింది. రాజు వేషగాడు ఏడుస్తూ వచ్చాడు. నిజంగానే లావుమనిషి. ఐదు మీటర్ల తెర వెనక ఆయన ఒక్కడే నక్కి నిలబడ్డట్టు కొలతమ్మకు కనిపించింది. అంతే. రాజుగారి కొడుకు యుద్ధంలో పోయాడన్న కబురు వచ్చి హాలంతా ముక్కులు చీదుతున్న సమయంలో మూడో వరుసలో ఒక కుర్చీ కిర్రుకిర్రుమని ఊగింది. పెద్దావిడ తన చెంగు తీసి కొలతమ్మ నోట్లో కుక్కింది. కొలతమ్మ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. ముందు వరుసలోని పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, "పాపం, చాలా సున్నితమైన మనిషి" అని పక్కావిడతో అన్నాడు.

ఆ నాటకం కథేమిటని ఎవరైనా అడిగితే ఆమె ఈనాటికీ చెప్పలేదు. తెర మాత్రం ఆరుసార్లు లేచి, ఆరుసార్లు దిగిందని, ప్రతిసారీ రెండు కొసలూ గోడలకు తగిలాయని చెబుతుంది.